తూటా మాట ఎవరును ఎత్తరేమి?

పత్తిచేలును, మిరపచేలును, మొక్కజొన్నచేలును ఒకదానినొకటి ఒరసికొనుచు మున్నేటి గట్టువరకు పరచుకొనియున్న కీసర ప్రాంతమున, కంకి పాలుపట్టిన నాటినుండి కోత ముగియు నాటివరకు కంటినిండ నిద్రపోవు రైతు అరుదు. పాకాల ప్రాంతమున పుట్టి, ఖమ్మము మీదుగా దిగివచ్చి, కృష్ణలో కలియబోవుచు మన నేలను తడుపు ఈ యేటి పొడవునను సర్కారు తుమ్మ దట్టముగా అల్లుకొనియున్నది. పగలెల్ల ఆ పొదలలో పడియుండు అడవిపందులు ప్రొద్దు గ్రుంకగనే పిల్లలతోగూడ బారులు తీరి చేలమీదికి వచ్చును. ఒక మంద ఒక్క రాత్రి మొక్కజొన్నలో దిగెనేని, తిన్నది కొంత, త్రొక్కినది కొండంత. మరునాటి యుదయమున ఆ చేని గట్టున నిలుచున్న రైతుతో జీవకారుణ్యమును గూర్చి ఉపన్యసింపబూనువాడు ముందుగా ఆ విరిగిన కర్రలను ఒక్కమారు లెక్కపెట్టి చూడవలెను.

ఈ బాధకు ప్రతిక్రియ యేమను చర్చ మన రచ్చబండలకు క్రొత్తది కాదు. పందిని చంపనీయవలెనని రైతులును, చంపనీయరాదని ప్రాణిదయాపరులును, ఇరువురికిని కోపము రాకుండ ఏదో యొకటి చెప్పి గడిపివేయవలెనని అధికారులును చిరకాలముగా తమ తమ పాటలు తాము పాడుచునే యున్నారు. ఈ మూడు పక్షములలో ఎవ్వరును పలుకని ప్రశ్న యొకటి కలదు: చంపుటకు అనుమతి లభించిననాడు, ఆ ప్రాణిని దేనితో చంపవలెను? కీసర సెంటరులోని టీకొట్టు వద్ద ఈ ప్రశ్న నేనెత్తగా, ఒక పెద్దరైతు చేతిలోని గ్లాసు దింపకయే, “ఏ తూటా అయితే ఏందండీ, చావాలిగా!” అని తేల్చివేసెను. మాట సూటిగానే యున్నది. కాని చావవలెననుట వేరు; ఎట్లు చచ్చునో, ఎంతసేపటికి చచ్చునో, అసలు చచ్చునది పందియేనో కాదో యనుట వేరు. ఈ మూడింటిని నిర్ణయించుటలో సగము పాలు తూటాదే కనుక, దాని యెన్నిక తుపాకి పట్టినవాని యిష్టమునకు విడువదగినది కాదనియు, ప్రభుత్వము తన యుత్తరువులో స్పష్టముగా వ్రాసి విధింపదగినదనియు నా అభిప్రాయము.

నేడు మన పొలములలో జరుగుచున్నదేమో చూతము. మోటారు స్టార్టరు పెట్టెనుండి సన్నని ఇనుపతీగ నొకదానిని లాగి, మోకాలెత్తు పుల్లలకు చుట్టి, చేని గట్టు వెంబడి త్రిప్పి, చీకటిపడగనే స్విచ్చి వేసి ఇంటికి పోవువారు కొందరు. ఆ తీగకు పందియు గేదెయు నొక్కటియే. తెల్లవారుజామున నీరు కట్టుటకు గట్టు దాటివచ్చు ప్రక్కచేని కూలివాడును నొక్కటియే. ఇట్టి మరణవార్తలు లేని సంవత్సరము మన పత్రికల జిల్లా పుటలకు లేదు. మోటారుసైకిలు క్లచ్చితీగతో ఉచ్చు పన్నువారు మరికొందరు. అందు తగులుకొన్న ప్రాణి మెడయో నడుమో కోసికొనుచు తెల్లవార్లును గింజుకొనును. ఎరలో మందు పొదిగిన నాటుబాంబులను చేలలో విడుచువారును కలరు. దానిని కొరికిన పంది అక్కడికక్కడ చావదు, దవడ పగిలి, తినజాలక, త్రాగజాలక, ఏ తుమ్మపొదలోనో రోజుల తరబడి మ్రగ్గి చచ్చును. పంది కొరుకనినాడు మేతకు పోయిన ఆవు కొరుకును.

వీనికంటె తుపాకి మేలు గదా యందురు. ఏ తుపాకి? ఊళ్ళలో మిగిలియున్నవి పెక్కులు గొట్టపు మూతినుండి మందు దట్టించు నాటు తుపాకులు. ఇంత నల్లమందు పోసి, గుడ్డపీలిక కుక్కి, సీసపు గుళ్ళు దొరకనినాడు ఇనుపతునకలో సైకిలు బేరింగు గుళ్ళో వేసి, గజముతో కూరి పేల్చినచో మెరుపునకు మెరుపును, చప్పుడునకు చప్పుడును, పొగకు పొగయు కలుగును. గురి మాత్రము దైవాధీనము. గుండ్రని గుండునకు గొట్టములో త్రిప్పుడు లేదు, వంకరటింకర తునకకు గాలిలో నిలుకడ లేదు. ముప్పది గజములు పోవునప్పటికే అవి చెదరి, వేగముడిగి, అడవిపంది భుజముపై కవచమువలె పేరుకొనియుండు మందపు చర్మమును కొవ్వును దాటజాలక అందే నిలిచిపోవును. దెబ్బతిన్న పంది పారిపోవును. అట్టి పందిని మరునాడు పొదలలో వెదుకబోవుట యెంత ప్రమాదకరమో మన చెంచులనైనను కోయలనైనను అడిగిన చెప్పుదురు.

ఇప్పుడు శాసనముల మాట. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను మొట్టమొదటనే సంపూర్ణముగా నిషేధించినదని మనలో చాలమంది భ్రమ. ఆ చట్టము మొదటి రూపమున పులి మొదలగు కొన్ని ప్రాణులను మాత్రమే వేటనుండి పూర్తిగా మినహాయించి, తక్కినవానికి లైసెన్సు పద్ధతి నేర్పరచినది. చుక్కల దుప్పియు, కణితియు, మనుబోతును, అడవిపందియు మూడవ షెడ్యూలులో ‘పెద్దవేట’ యను శీర్షిక క్రింద నుండెను. అంతకంటె ముఖ్యముగా, అందలి 17వ సెక్షను వేటాడవలసిన తీరును విధించినది: వాహనముపైనుండి వేటాడరాదు, ప్రేలుడు పదార్థములు, విషము, ఉచ్చులు వాడరాదు, రాత్రివేళ కాల్చరాదు, నీటి మడుగుల వద్ద పొంచియుండరాదు, పెద్దవేట జంతువును రైఫిలుతోనే కొట్టవలెను, లేదా లైసెన్సులో ప్రత్యేకముగా అనుమతించినచో నున్నని గొట్టపు తుపాకితో ఒంటిగుండు తూటా వాడి కొట్టవలెను. అనగా చిల్లరగుళ్ళతో దుప్పినిగాని పందినిగాని కొట్టుట ఆనాడు లైసెన్సు గలవానికిని నేరమే. ఆ నిబంధన వ్రాసినవారికి తుపాకి తెలియును. గాయపడి పారిపోయిన ప్రాణి బాధయు తెలియును.

1991లో వచ్చిన సవరణ లైసెన్సు వేటను సమూలముగా తొలగించినది. అది మంచి పని. నాకందు రవంతయు విప్రతిపత్తి లేదు. కాని లైసెన్సుతోపాటు ఈ 17వ సెక్షనును ఎగిరిపోయినది. వేటయే లేనప్పుడు వేటకు నియమము లేల యని కాబోలు! అయితే వేట పూర్తిగా పోలేదు. 11వ సెక్షను మిగిలియున్నది. మనుష్యుల ప్రాణములకు గాని, పొలములోని పైరుతో సహా ఆస్తికి గాని ప్రమాదకరమైన జంతువును చంపుటకు, కారణములు వ్రాసి, లిఖితపూర్వకముగా అనుమతి నిచ్చు అధికారము రాష్ట్రపు ప్రధాన వన్యప్రాణి సంరక్షకునకును, ఆయన నియమించిన అధికారికిని ఇప్పటికిని కలదు. అడవిపంది విషయమున రైతులు కోరుచున్న అనుమతి ఈ సెక్షను క్రిందిదే. అనుమతి మిగిలినది, పద్ధతి పోయినది. చంపవచ్చునని చెప్పు చట్టము ఎట్లు చంపవలెనో చెప్పుట మానివేసినది. ఈ ముప్పదియేండ్ల పైచిలుకు కాలములో ఈ లోపమును గూర్చి మన శాసనసభలలో గట్టిగా మాటాడినవారిని నేనెరుగను.

సరిగా ఆ 1991వ సంవత్సరముననే ఇంగ్లండులో జింకల చట్టము క్రొత్తరూపమున వెలువడినది. ఆ చట్టపు రెండవ షెడ్యూలు జింకను కొట్టు రైఫిలు గొట్టపు వ్యాసము 0.240 అంగుళములకు తక్కువ కారాదనియు, గుండు గొట్టము వెడలునప్పుడు దాని శక్తి 1,700 అడుగు పౌండ్లకు తక్కువ కారాదనియు విధించినది. చిన్నజాతి జింకలకు మాత్రము తరువాత కొంత సడలింపు నిచ్చిరి. అంతటితో నూరకుండక, గుండు మెత్తనిమూతిదో బోలుమూతిదో అయియుండవలెననియు, మరొకటి వాడుట నేరమనియు చెప్పినది. ఒక పార్లమెంటు కూర్చుండి తూటా మూతి మెత్తగా నుండవలెనా గట్టిగా నుండవలెనా యని శాసించుట మనవారికి వింతగా తోచవచ్చును. కాని జింకకు ఓటు లేదు, వాక్కు లేదు. దాని పక్షమున ఎవరైన మాటాడవలెనన్నచో మాటాడవలసినది ఆ మూతిని గూర్చియే.

ఎందుకనగా, తూటాలోని గుండు చేయు పని రంధ్రము చేయుట మాత్రమే కాదు. రైఫిలు తూటాను చేతిలోనికి తీసికొని చూచినచో, క్రింద మందు నింపిన ఇత్తడి గొట్టమును, దాని అడుగున నిప్పు పుట్టించు చిన్న క్యాపును, పైన రాగితొడుగు వేసిన సీసపు గుండును కనబడును. అమెరికాలో జింకవేటకు పేరుపడ్డ ముప్పై-నాట్-సిక్స్ తూటాలలో 180 గ్రెయినుల గుండు చాల వాడుకలో నున్నది. బ్రిటిషువారు 1833లో స్థిరపరచిన మన తులము సరిగా 180 గ్రెయినులే, అనగా కంసాలి త్రాసులో వేసినచో అది పాతలెక్కన ఒక్క తులము తూగును. ఈ తులము సీసము సెకనుకు రెండువేల యేడువందల అడుగుల ప్రాంతపు వేగముతో పోయి జింక ప్రక్కటెముకల వెనుక తగులును. రాగితొడుగు గుండును మూతితోసహా పూర్తిగా కప్పియున్నచో అది సూదివలె ఈ వైపున దూరి ఆ వైపున వెడలి, శక్తిలో పెద్దపాలును తనతో గొనిపోవును. జింక ఏమియు తగులనట్లే పరుగెత్తి, కోసుదూరముననో అంతకు మించియో పడి, లోలోపల రక్తము కారి, గంటలకు చచ్చును. మూతి వద్ద తొడుగు లేక సీసము బయటపడియున్నచో, దేహమున దూరిన క్షణమున అది పుట్టగొడుగువలె విచ్చుకొని, ఇంచుమించు రెట్టింపు వెడల్పై, తన శక్తినంతయు ఊపిరితిత్తులలోను గుండెలోను విడిచిపెట్టును. ప్రాణి కొలది అడుగులలో కూలును. చూచుటకు క్రూరముగా నుండు గాయము దయగలదియు, చూచుటకు చిన్నదిగా నుండు గాయము నిర్దయమైనదియు నగుట ఈ విషయములోని విపరీతము.

ఈ మెత్తనిమూతి గుండు చరిత్రలో మన దేశమునకును ఒక పుట కలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర కలకత్తా చేరువనున్న దమ్‌దమ్ ఆయుధ కర్మాగారమున బెర్టీ-క్లే యను కాప్టెను, వాయవ్య సరిహద్దులలో పఠానులు రైఫిలు దెబ్బ తిన్నను పైబడివచ్చుచున్నారన్న ఫిర్యాదునకు సమాధానముగా, మూతి తొడుగు తొలగించిన గుండును తయారుచేసెను. దానిపై ఐరోపాలో గగ్గోలు పుట్టి, 1899 నాటి హేగు సభలో దేహమునందు విచ్చుకొను గుండ్లను యుద్ధములో వాడరాదని దేశములు ప్రకటించినవి. మనుష్యునిపై వాడరాదని యొక సభ నిషేధించిన గుండునే, జింకపై తప్పక వాడవలెనని మరియొక సభ శాసించినది. ఇందు పరిహాసమేమియు లేదు. సైనికుని గాయపరచి యుద్ధమునుండి తొలగించినచో చాలును, వైద్యుడు వానిని బ్రతికించును; దుప్పికి వైద్యుడు లేడు, గాయపడిన దుప్పికి చావొక్కటే మిగిలియుండును, అది త్వరగా రావలెననుటయే మిగిలిన ధర్మము.

మన జిల్లాలనుండి టెక్సాసునకు పోయి, ప్లేనో ఫ్రిస్కోలలో ఇండ్లు కట్టుకొన్నవారి పిల్లలు ఈ విద్యను అక్కడ తరగతి గదిలో నేర్చుకొనవచ్చును. 1971 సెప్టెంబరు 2వ తేదీన గాని తరువాత గాని పుట్టినవాడు ఆ రాష్ట్రమున వేటాడవలెనన్నచో వేటవిద్య కోర్సు నెరవేర్చవలెను. తుపాకి భద్రతయు, జంతువు దేహములో గుండె యెక్కడ నుండునో, ఏ కోణమున కాల్చరాదో అందు బోధింతురు. ఇరువదిరెండు నంబరు చిన్న తూటాతో జింకను కొట్టుట అక్కడ చట్టవిరుద్ధము. స్పెయినువారి కాలమున వచ్చి, తప్పించుకొని అడవిపాలైన పందులు అక్కడను పొలములను పాడుచేయుచున్నవి. వానిని కొట్టుటకు ప్రైవేటు భూములలో 2019 సెప్టెంబరు నుండి లైసెన్సయినను అక్కరలేదు. తుపాకుల విషయమున ఆ దేశము మనకు ఆదర్శమని నేనెన్నడును అనను. బడిపిల్లలు తుపాకి దెబ్బలకు గురియగుచున్న దేశమునుండి తుపాకి నీతి నేర్చుకొనవలసిన దుర్దశ మనకు లేదు. కాని జంతువునకు తగిన తూటా యేదను నొక్క విషయమున మాత్రము వారి సామాన్య వేటగానికున్న తెలివి మన ప్రభుత్వపు టుత్తరువులలో కనబడదు.

మన ఆయుధ చట్టమును తెరచి చూడుడు. 1959 నాటి ఆ చట్టము 13వ సెక్షనులో, పంటరక్షణకై నిజముగా కోరువానికి మూతిమందు తుపాకి లైసెన్సు ఇయ్యవలెననియు, అది చాలదని అధికారికి తోచినచో మరొక నున్నని గొట్టపు తుపాకి నీయవచ్చుననియు కలదు. రైఫిలు మాట లేదు. అది వేరు దారిన, వేరు కారణములు చూపి తెచ్చుకొనవలసినది. ఇటు చూడగా 1972 నాటి వన్యప్రాణి చట్టము పందికి రైఫిలు కావలెనన్నది. అటు చూడగా 1959 నాటి చట్టము పందితో బాధపడు రైతునకు నాటు తుపాకి చేతికిచ్చినది. రెండు చట్టములును ఒక్క పార్లమెంటు చేసినవే. ఈ రెండును ఒకదాని ముఖమొకటి చూచుకొన్న జాడ లేదు. అంతకుమించి, ఎన్నికల ప్రకటన వెలువడిన మరుక్షణమున లైసెన్సు తుపాకులను పోలీసుస్టేషనులో అప్పగింపుమందురు. రబీ మొక్కజొన్న కంకి పట్టిన దినములలో ఎన్నికలు వచ్చినచో, రైతు తుపాకి స్టేషను గదిలో గోడకు చేరగిలబడి యుండును, పంది చేనిలో నుండును.

మరి కీసర పొలములకు ఏ తూటా తగును? ఇచ్చట నేను ఇంగ్లండు చట్టమును యథాతథముగా తెచ్చి నాటుమని చెప్పబోవుట లేదు. అక్కడి కొండలలో రైఫిలు గుండు తప్పినను కొండచరియలో దిగును. మన నల్లరేగడి సమభూమి. చేని నడుమ మంచె, మంచెపై మనిషి, గట్టుపై పంపుసెట్టు గుడిసె, కొంత దూరమున ఊరు, అన్నిటికిని ప్రక్కగా హైదరాబాదు విజయవాడ జాతీయరహదారిపై రేయింబవళ్ళు తెంపులేని రాకపోకలు. శక్తిమంతమైన రైఫిలు గుండు తప్పిపోయినచో రెండు మూడు మైళ్ళు పోగలదు. ఈశాపూరు కర్మాగారపు 315 రైఫిలు మన దేశమున లైసెన్సుదారుల చేతులలో బాగుగానే కలదు; దానికి మెత్తనిమూతి తూటాయు దొరకును. గట్టి మట్టికట్టో గుట్టయో వెనుకనున్నచోట అది ఉత్తమము. అట్టిది లేని సమభూమిలో దానిని వాడుమనుట పందిని తప్పించి పాదచారిని గురిచూచుటయే. ఇచ్చట పాత 17వ సెక్షను చెప్పిన రెండవ మార్గమే వివేకమని నా నిర్ణయము: పండ్రెండు బోరు తుపాకి, అందు ఒంటిగుండు తూటా, నలుబది గజములలోపల, మంచెపైనుండి క్రిందికి నేలవైపు చూచి కొట్టు దెబ్బ. తప్పినచో ఆ గుండు కొలది గజముల దూరమున రేగడిలో దిగబడును. మన దుకాణములలో ‘ఎల్.జి.’ యని అడిగి తెచ్చుకొను లావుగుళ్ళ తూటా చాలదా యని అనుభవజ్ఞులు అడుగుదురు. పది పదునైదు గజములలో చాలును. దూరము పెరిగినకొలది ఆ గుళ్ళు చెదరి, ఒకటి తొడలోను, ఒకటి పొట్టలోను, రెండు మట్టిలోను పడును. పొట్టలో గుండు పడిన పంది చావు నాటుబాంబు తిన్న పంది చావుకంటె మెరుగు కాదు.

తూటా ఎంత మంచిదైనను, దానిని విడుచువానికి తాను దేనిని కాల్చుచున్నాడో కనబడవలెను. మన పురాణములలో దశరథుడు సరయూ తీరమున చీకటిలో కుండ మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని శబ్దవేధి బాణము విడిచి, అంధుల కుమారుని చంపెను. శబ్దవేధిని మనము గొప్ప విద్యగా కీర్తింతుము. వేటనీతి దృష్టిలో అది శుద్ధ నేరము. మిరపచేనిలో ఆకు గలగలమన్నంతనే తుపాకి పేల్చువాడు దశరథునికంటె ఎక్కువ విద్వాంసుడు కాడు. ‘పంది యనుకొంటిని’ అను మాట చీకటిలో చాల సులువుగా పలుకవచ్చును. దాని వెనుక దాగుకొనునవి పొరపాట్లు మాత్రమే కావు. తెల్లపొణికి కర్రతో బొమ్మలు చెక్కు కొండపల్లి వైపు అడవులలో నేటికిని వన్యమృగములు కలవు. పందికని పుచ్చుకొన్న అనుమతి దుప్పి మాంసమునకు తెరగా మారుటకు ఎంతసేపు కావలెను? మన రాష్ట్రజంతువు కృష్ణజింక. గరికపాడు చెక్‌పోస్టు దాటినచో తెలంగాణమునకు రాష్ట్రజంతువు చుక్కల దుప్పి. ఈ రెంటి జోలికి ఏ మిషతోను పోరాదు. అందుచేతనే పందికిచ్చు అనుమతిలో దీపము, దూరము, తూటా, కాల్చువాని పేరు, అన్నియు వ్రాసియుండవలెను. విడిచిన ప్రతి తూటాకు ఖాళీ గొట్టము తిరిగి అప్పగింపవలెను.

సీసమును గూర్చి యొక్క మాట. మెత్తనిమూతి గుండు విచ్చుకొనునపుడు దానినుండి కంటికానని తునకలు రాలి మాంసములో కలియును. ఎక్స్‌రే తీసినచో గాయము చుట్టును నూకలు చల్లినట్లు కనబడును. కాలిఫోర్నియాలో కాండరు లను పెనుగ్రద్దలు ఇట్టి కళేబరములను తిని సీసపువిషముచేత చచ్చుచుండగా, ఆ రాష్ట్రము 2019 జూలై 1 నుండి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించినది. అక్కడివారు అచ్చపు రాగి గుండ్లకు మరలిరి. పశువుల మందొకటి దేహములో చేరి మన రాబందులు నశించిన కథ మనకు తెలిసినదే. రాగి గుండ్లు మనకు దొరకునంతవరకు చేయదగినది, చంపిన పందిని లోతుగా పూడ్చుట. 11వ సెక్షను క్రింద చంపిన జంతువు ప్రభుత్వపు సొత్తని చట్టము చెప్పుచున్నది కనుక, మాంసము పంచుకొనుట యెట్లును కూడదు. ఈ నియమము కఠినముగా అమలయినచో ‘పంటరక్షణ’కై ఉత్సాహపడువారిలో కొందరి యుత్సాహము దానంతట అదియే తగ్గును. అదియు నొక లాభమే.

ఇదంతయు తుపాకి మొదటి మందని చెప్పుటకు కాదు. మొక్కజొన్న చుట్టును నాలుగు వరుసల ఆముదము వేసినవారును, పాతచీరలను గట్టుల వెంబడి కట్టినవారును, మంగలి కొట్టునుండి వెండ్రుకలు తెచ్చి చల్లినవారును, సౌరశక్తి కంచె పెట్టినవారును తమ చేలను కొంతవరకైనను కాచుకొనుచున్నారు. సౌరకంచె తీగ ప్రాణిని విదిలించును గాని చంపదు. మోటారు తీగకు బదులుగా దానిని ప్రతి రైతునకు సబ్సిడీపై ఇచ్చినచో మనుష్యుల ప్రాణములే మొదట దక్కును. ఇవన్నియు విఫలమైన చోటనే తుపాకి మాట.

కేరళము 2022లో పంచాయతీ అధ్యక్షులకు గౌరవ వన్యప్రాణి సంరక్షకుల హోదా నిచ్చి, లైసెన్సు తుపాకి గలవారిచేత అడవిపందులను చంపించు అధికారమును వారికి అప్పగించినది. విషము, ప్రేలుడు పదార్థములు, విద్యుత్తు వాడరాదని అందే చెప్పినది. ఏది కూడదో చెప్పుట మంచి ఆరంభము. ఏది వలయునో చెప్పుట మిగిలియున్నది. మన రాష్ట్రము ఇట్టి యుత్తరువును తయారు చేయునాడు, వన్యప్రాణి శాఖవారు తమ దస్త్రములలో 1972 నాటి 17వ సెక్షనును వెదకి తీసి, ముందు పెట్టుకొని వ్రాయుదురు గాక. అనుమతి కోరువాడు మొదట అటవీశాఖ మైదానమునకు వచ్చి, తన తుపాకితో, తాను వాడబోవు ఒంటిగుండు తూటాతోనే, నలుబది గజముల దూరమున పళ్ళెమంత కాగితపు చక్రములో మూడుమార్లు వరుసగా కొట్టి చూపవలెను. మూడింటిలో ఒకటి తప్పినవానికి ఆ యేడు అనుమతి లేదు. వాడెంత పెద్ద కమతపు రైతైనను, వాని వెనుక ఏ పార్టీవారున్నను లేదు. ఈ పరీక్షకు ఖర్చు మూడు తూటాలు, ఒక కాగితము, ఒక పూట.